మశూచికము – టీకా మచ్చ

నల్లమాడ ప్రాంతపు పల్లెలలో వృద్ధుల చేతులపై టీకా మచ్చలు నేటికిని కానవచ్చును. అవి మశూచికముతో జరిగిన పోరాటమునకు గుర్తులు.

మనవారు 'పెద్దమ్మవారు' అని భయపడిన ఈ వ్యాధికి కారణము ఒక వైరస్. వైరస్ తనంతట తాను పెరుగజాలదు. జీవకణములో దూరి, ఆ కణముచేతనే తన ప్రతిరూపములను చేయించుకొనును. మశూచి వైరస్ రోగి తుంపరలద్వారా గొంతు చేరి, లింఫు గ్రంథులలో వృద్ధిచెంది, రక్తముద్వారా చర్మమునకు ప్రాకును. సుమారు 12 దినములకు జ్వరము, పిదప పొక్కులు వచ్చును. సోకిన పదిమందిలో ముగ్గురు మరణించెడివారు.

1796లో ఇంగ్లండులో ఎడ్వర్డ్ జెన్నర్, గోమశూచి రసము ఈ వ్యాధినుండి కాపాడునని చూపెను. 1802 జూన్‌లో బొంబాయిలో అన్నా డస్ట్‌హాల్ అను మూడేండ్ల బాలికకు వేసిన టీకా మనదేశమున తొలిసారి ఫలించెను. తరువాతి కాలమున గిండీలోని కింగ్ ఇన్‌స్టిట్యూట్ మద్రాసు రాజధానికి టీకామందు తయారుచేసెను. అనంతపురము అందులోని జిల్లాయే.

కాని ద్రవరూపపు మందు మన ఎండలకు త్వరగా చెడిపోయెడిది. ఘనీభవింపజేసి ఆరబెట్టిన పొడిమందు వచ్చిన పిదపనే ఈ చిక్కు తీరెను. 1962లో జాతీయ నిర్మూలన కార్యక్రమము మొదలయ్యెను. 1975తో మనదేశమున వ్యాధి అంతరించెను. 1980 మే 8న ప్రపంచమంతట నిర్మూలమైనదని ప్రకటించిరి.

ఈ వైరస్‌కు మానవుడు తప్ప వేరు ఆశ్రయము లేదు. పొక్కులచే రోగిని గుర్తించుట సులభము. ఇన్‌ఫ్లుయెంజా అట్లు కాదు. అది పక్షులలోను దాగును, రూపము మార్చుకొనును. కనుకనే దానితో పోరాటము ముగియలేదు.

విద్యార్థులారా! మీ ఇంటి పెద్దల చేతిమచ్చను గూర్చి అడిగి తెలిసికొనుడు.