అమీను ముట్టుకోని సామాను

ఇల్లు మారేముందు సామాను మూడు కుప్పలవుతుంది. వెంట తీసుకుపోయేది ఒకటి, ఎవరికన్నా ఇచ్చేసేది ఒకటి, పారేసేది ఒకటి. ఉద్యోగాల బదిలీలకు అలవాటుపడ్డ పట్నాల్లో లెక్క ఇంతే. పెనుకొండకూ హిందూపురానికీ నడుమ ఉన్న సోమందేపల్లె వైపు మాత్రం చాలాకాలం నాలుగో కుప్ప ఒకటి ఉండేది. అది అమ్ముకుంటే తప్ప ఊరు దాటలేని సామాను. దోవ ఖర్చు, పిల్లల తిండి, చేరినచోట పని దొరికేదాకా నాలుగు రోజుల గడుపుబాటు, అన్నీ అందులోంచే రావాలి. అందులో అక్కరలేని వస్తువంటూ ఏదీ ఉండదు. ఉండేవన్నీ నిన్నటిదాకా పొయ్యి దగ్గర, నీళ్ల దగ్గర, దేవుడి గూట్లో పనిచేసినవే. చరిత్ర పుస్తకాల్లో కరువు గురించి వానల లెక్కలుంటాయి, చావుల లెక్కలుంటాయి. ఈ కుప్ప లెక్క విడిగా కనపడదు. అక్కడా ఇక్కడా దొరికే ఆనవాళ్లను ఒకచోట పేర్చి చూద్దామనే ఈ ప్రయత్నం.

ముందు ఊరి సంగతి. పాత అనంతపురం జిల్లాలో (2022 ఏప్రిల్ నుంచి ఈ భాగం శ్రీ సత్యసాయి జిల్లా) ఏడాదికి పడే వాన సగటున 550 మిల్లీమీటర్ల చిల్లర. దేశంలో అతి తక్కువ వాన పడే జిల్లాల్లో దీని పేరు ఎప్పుడూ పైవరసలోనే ఉంటుంది. ఆ కొద్ది వాన కూడా పడాల్సిన అదనులో పడుతుందన్న నమ్మకం లేదు. విత్తనమేసేదాకా కురిసి, ఊడ దిగేనాటికి మొహం చాటేస్తుంది. ఇంకోపక్క హైదరాబాదు నుంచి బెంగళూరు పోయే పెద్దరోడ్డు ఊరిని ఆనుకునే పోతుంది. బెంగళూరు నూటపాతిక కిలోమీటర్ల లోపే. పొలం ఏమీ ఇవ్వని ఏడు, రోడ్డు పిలుస్తుంది. ఇల్లు ఖాళీ చేయడమన్నది ఇక్కడ కొత్తగా వచ్చిన అలవాటేమీ కాదు.

ఒక ఇంటికి కనీసం ఏమేమి కావాలన్న ప్రశ్నకు మన దేశంలో చట్టపరమైన జవాబు ఒకటుంది. 1908 నాటి సివిల్ ప్రొసీజర్ కోడ్‌లో 60వ సెక్షన్. బాకీ తీర్చలేనివాడి ఇంటికి కోర్టు అమీను జప్తుకు వచ్చినప్పుడు, ఏవి ముట్టుకోకూడదో ఆ సెక్షన్ చెబుతుంది. బాకీదారుడికీ భార్యకూ పిల్లలకూ అవసరమైన కట్టుబట్టలు, వంటపాత్రలు, మంచాలు, పరుపులు. ఆచారం ప్రకారం ఆడమనిషి ఒంటిమీదనుంచి తీయకూడని నగలు, అంటే మన లెక్కలో తాళి. చేతిపనివాళ్ల పనిముట్లు. రైతయితే అతని సేద్యపు పనిముట్లు, బతుకుతెరువుకు అవసరమైన పశువులు, విత్తనపు గింజలు. రైతు తానే కాపురముంటున్న ఇల్లు. అంతకుముందరి 1882 కోడ్‌లో రైతు ఇంటిని గురించి చెప్పేచోట ఆ ఇంటికి వాడిన సామగ్రిని ప్రత్యేకంగా పేర్కొన్నారు. దూలాలు, తలుపులు కూడా విలువైన సరుకే అని ఆ రాసినవాళ్లకు తెలుసన్నమాట.

నెమ్మదిగా చదివితే ఇది భలే జాబితా. ఇవి ఉంటే మనిషి మళ్లీ లేవగలడు, ఇవి పోతే లేవలేడు అన్న గీత ఒకటి ఇందులో ఉంది. అయితే ఆ గీత కోర్టును మాత్రమే ఆపుతుంది. బాకీదారుడు తానే బిందె నెత్తిన పెట్టుకుని సంతకు పోతే ఆపే సెక్షన్ ఏ చట్టంలోనూ లేదు. అమీను ముట్టుకోకూడని ప్రతి వస్తువునూ కరువు ముట్టుకుంది.

మన పెద్దవాళ్ల నోట ధాత కరువుగా మిగిలిపోయిన 1876–78 కరువునాటికి అనంతపురం జిల్లా ఇంకా ఏర్పడలేదు. 1882 దాకా ఇది బళ్లారి జిల్లాలో భాగం. 1876లో రెండు రుతుపవనాలూ ఎగ్గొట్టాయి. 1871కీ 1881కీ మధ్య బళ్లారి జిల్లా జనాభా సుమారు ఐదో వంతు తగ్గిపోయింది. చచ్చిపోయినవాళ్లూ ఊళ్లు వదిలిపోయినవాళ్లూ కలిసిన తగ్గుదల అది. ఆ ఏళ్లలో ఇళ్లలోని వెండి కదిలిపోయిన ఆనవాలు ఎక్కడో దూరాన, బొంబాయి టంకశాలలో దొరుకుతుంది. మామూలు రోజుల్లో వెండి బయటినుంచి వచ్చి ఈ దేశపు కడియాలుగా, మొలతాళ్లుగా మారేది. కరువు ఏళ్లలో నడక తిరగబడి, కడియాలూ మొలతాళ్లూ కరగడానికి టంకశాలకు చేరాయి.

అమ్మకం మాట ఇలా ఉంటే, ఇల్లు వదలడానికి సర్కారు వేసిన ముడి ఇంకొకటి. కరువు ఖర్చు తగ్గించమని వైస్రాయి లిట్టన్ 1877 జనవరిలో సర్ రిచర్డ్ టెంపుల్‌ను మద్రాసు రాజధానికి పంపాడు. మగమనిషికి రోజుకొక పౌను, అంటే 450 గ్రాముల గింజలూ పైన కాస్త చిల్లరా చాలన్న కూలి అతని పేరుమీదే ప్రసిద్ధం. మద్రాసు శానిటరీ కమిషనర్ కార్నిష్ ఈ కొలతతో మనిషి బతకడని గట్టిగా వాదించాడు. ఆ వాదన చాలామంది రాశారు. దానితోపాటే వచ్చిన దూరపు పరీక్ష గురించి తక్కువ మాట్లాడతాం. ఒంట్లో సత్తువ ఉన్నవాడికి ఇంటి దగ్గర పని ఇవ్వకూడదు, పది మైళ్లకు ఆవల శిబిరంలో ఉండి పనిచేయాలి, నిజంగా గతిలేనివాడైతేనే అంత దూరం వస్తాడు అని దాని తర్కం. ఇంటి వైపు నుంచి చూడండి దీన్ని. పది మైళ్లవతల శిబిరానికి పోయేవాడు ఇంట్లో మిగిలిన రెండు చెంబులూ ఎవరి కాపలాలో పెట్టిపోవాలి? మోసుకుపోతే బరువు, వదిలేస్తే దొంగల పాలు. వాటిని అమ్మేసి కదలడమే తెలివైన పని. సాయం పొందాలంటే ముందు ఇల్లు ఖాళీ చేయాలని సర్కారు నోటితో చెప్పలేదుగానీ, నియమం చేసిన పని అదే.

అమ్మితే ఏమొచ్చేది? ఇక్కడే కరువు రెండో దెబ్బ కొడుతుంది. అమర్త్య సేన్ కరువుల మీద 1981లో తెచ్చిన పుస్తకంలో చెప్పిన మాట ఇది: తిండి ఎంత ఉందన్నదానికన్నా, మన చేతిలో ఉన్నది ఇచ్చి ఎంత తిండి తెచ్చుకోగలమన్నది ముఖ్యం. ఊరంతా ఒకేసారి బిందెలు పట్టుకుని అంగడికొస్తే బిందె ధర పడిపోతుంది, జొన్నల ధర పెరుగుతుంది. పైగా పాత పాత్రను కొనేవాడు లోహం బరువే చూస్తాడు. చేసినవాడి మజూరీ సున్నా, అతుకుకూ మసికీ తరుగు అదనం. కొన్న రోజున అది పాత్ర, అమ్మిన రోజున తుక్కు. తర్వాత మంచి వానలు పడి మళ్లీ కొనాలంటే మళ్లీ పాత్ర ధరే పెట్టాలి. ఒక కరువులో పోయిన ఇంటి సామాను రెండు మూడు పంటలకు గానీ తిరిగిరాదన్నదానికి కారణం ఈ తేడాలోనే ఉంది.

ఏది ముందు అమ్మాలన్నదానికి కూడా ఒక వరస ఉంది. 1984–85లో సూడాన్‌లోని దార్ఫర్ కరువును దగ్గరగా చూసిన అలెక్స్ డి వాల్, అక్కడి జనం రేపటి సేద్యానికి కావలసిన పశువుల్నీ విత్తనాన్నీ కాపాడుకోవడానికి కడుపు మాడ్చుకున్నారని రాశాడు. మన రైతు ఇంట్లోనూ ఆ లెక్కే. ఎద్దులు పోతే సేద్యం పోయినట్టే, కాబట్టి ఆఖరుదాకా ఆపుతారు. మరి ముందు పోయేవేవి? నగలు, పాత్రలు. అంటే పుట్టింటి నుంచి ఆడమనిషి వెంట వచ్చినవి. కరువుకాలంలో ఇంట్లో ఆడవాళ్ల పేర ఉన్న ఆస్తే ముందు బయటికి పోతుందని ఆర్థికవేత్త బీనా అగర్వాల్ ఎత్తి చూపించింది. దాంతో ఇంటిలో ఆమె మాటకున్న బలమూ తగ్గుతుందంటుంది. ఎద్దులు అమ్మాలంటే ఊరు ఊరంతా మాట్లాడుకుంటుంది. కంచుగిన్నె కొంగుచాటున పోతుంది. ఇల్లు ఖాళీ అవుతున్న సంగతి ముందు తెలిసేది ఇల్లాలికే.

అమ్మలేనివీ కొన్ని ఉన్నాయి. వాకిట్లో పాతిన రోలు, తిరగలి, నేలలో తవ్విన జొన్నల పాతర. పాతర అంటే నేలలో గుంత. గింజలుంటేనే అది ఆస్తి, లేకపోతే వట్టి గొయ్యి. అన్నిటికన్నా పెద్దది ఇల్లు. ఈ వైపు పాత ఇళ్లు ఎక్కువగా మిద్దెలు. రాయీ మట్టీ కలిపి కట్టిన గోడలు, వాటిమీద దూలాలు, పైన కట్టెలు పరిచి చౌడుమన్ను. ఇందులో డబ్బు పలికేది కొయ్య ఒక్కటే. దూలం దిగితే చౌడు కూలుతుంది, తలమీద కప్పులేని మట్టిగోడ నాలుగు వానలకు కరుగుతుంది. సరిగ్గా ధాత కరువు ఏళ్లలోనే ఉత్తర చైనాలో, ముఖ్యంగా షాన్‌షీలో, జనం ఇళ్లు విప్పి కొయ్య అమ్ముకున్నారని అక్కడ సహాయం చేసిన మిషనరీలు రాసిపెట్టారు. అంతదాకా వచ్చినవాడికి తిరిగి రావడానికి ఇక చోటుండదు. దూలం అమ్మడమంటే ఊరు అమ్ముకోవడమే.

ఈ అనుభవాల నుంచి సర్కారు కొంత నేర్చుకుంది. 1880 కరువు కమిషన్ తర్వాత రాజధానులకు కరువు నియమావళులు వచ్చాయి. 1901 కమిషన్ నాటికి కరువు రాకను ముందే పసిగట్టే గుర్తులు రాసుకున్నారు. అప్పు పుట్టకపోవడం, దొంగతనాలు పెరగడం, మనుషులూ మందలూ అలవాటులేని దారుల్లో తిరగడం వగైరా. రాయలసీమలో 1950లలో గంజికేంద్రాలు తెరిచారు. ఆ కాలాన్ని గంజికరువు అని చెప్పుకునే పెద్దవాళ్లు ఇంకా ఉన్నారు. నేను ముఖ్యమనుకునే మలుపు మాత్రం తర్వాతది. 2006 ఫిబ్రవరి 2న అప్పటి ప్రధాని మన్మోహన్ సింగ్ గ్రామీణ ఉపాధి హామీ పథకాన్ని మొదలుపెట్టింది అనంతపురం జిల్లా నార్పల మండలం బండ్లపల్లెలో. ఆ చట్టం కింద ఏడాదికి వంద రోజుల పని, అదీ ఊరికి ఐదు కిలోమీటర్ల లోపల చూపించాల్సి ఉండేది. దాటితే పది శాతం కూలి ఎక్కువివ్వాల్సి ఉండేది. పది మైళ్లవతల తప్ప పనివ్వమన్న నియమం ఐదు కిలోమీటర్ల లోపలే ఇవ్వాలన్న నియమంగా మారడానికి నూటపాతికేళ్ల పైన పట్టింది. పథకంలో లోపాల గురించి వాదించుకోవచ్చు. వలస ఆగిపోయిందని ఎవరూ అనరు. కానీ ఇంటి తలుపు వేసుకోకుండా, చెంబు అమ్మకుండా కూలి తెచ్చుకోవచ్చని ఒప్పుకున్న పెద్ద చట్టం అది.

ఇప్పటి సోమందేపల్లె వేరే. పక్కనే పెనుకొండ మండలం ఎర్రమంచి దగ్గర కియా కార్ల ఫ్యాక్టరీకి 2017లో ఒప్పందమైంది, 2019లో కార్లు బయటికొచ్చాయి. పొయ్యేవాళ్లే ఉన్న రోడ్డుమీద వచ్చేవాళ్లూ తయారయ్యారు. అద్దె గదులు మారేవాళ్లకు పాత బాధ లేదు. మైకు పెట్టుకుని వీధిలోకొచ్చే పాత సామాన్ల బండికి ప్లాస్టిక్ బకెట్లు, విరిగిన కుర్చీ వేసి ఊరుకుంటారు. ఊళ్లోంచి బెంగళూరుకు కాపురం ఎత్తేసే ఇళ్లలో మాత్రం వ్యవహారం వేరు. రెండు గదుల అద్దె ఇంట్లో గంగాళానికి చోటేది? గొర్రు, గుంటక, కాడి ఎవరికి కావాలి? ఇప్పుడు ఆకలి కోసం అమ్మడం లేదు, చోటు లేక అమ్ముతున్నారు. తక్కెడ మాత్రం పాతదే. మజూరీ సున్నా, తరుగు అదనం.

ఆ తక్కెడ లెక్కలోకి రానిది ఇంకొకటుంది. పెళ్లికి పెట్టిన పాత్రల అంచున పేర్లు కొట్టించడం మనకు అలవాటు. ఇచ్చినవాళ్ల పేరు, ఊరు, ఒక్కోసారి తేదీ. పట్టాలూ దస్తావేజులూ చాలామట్టుకు మగవాళ్ల పేర్లతో నిండినచోట, ఒక ఆడమనిషి పేరు లోహం మీద చెక్కి ఉండేది ఈ అంచునే. ఫలానా ఊరి ఆడపిల్ల ఫలానా ఏట ఈ ఇంటికొచ్చిందని చెప్పే కాగితం వేరే లేకపోవచ్చు. అటక మీదినుంచి బిందెలు దించి తూకానికి వేసే ముందు ఆ అంచు ఒకసారి తుడిచి చూడండి. బిందెకు ఇంట్లో చోటు లేకపోతే పోనీ, ఆ రెండు పంక్తులకు నోటుపుస్తకంలో చోటు చాలు.