నెత్తుటి కాలువలు

మా ఉదయగిరి కొండమీఁది దుర్గమును శ్రీకృష్ణదేవరాయలు 1513లో ముట్టడించెను. అది వశమగుటకు 1514 వఱకు పట్టెను. ఎక్కి గెలువరాని కోటకు దారులు కట్టి ధాన్యము రాకుండఁ జేయుట పూర్వులెఱిఁగిన తంత్రమే. రాచపుండు విషయమున నట్టి తలంపును 1971లో బోస్టను బాలవైద్యశాలలోని శస్త్రవైద్యుఁడు జూడా ఫోక్మన్ ప్రకటించెను. కంతి రెండు మూఁడు మిల్లీమీటర్లకు మించి పెరుగవలెనన్నచో క్రొత్త రక్తనాళములు కావలయును. ఏదో ద్రవ్యమును విడిచి కంతియే వానిని పిలిపించుకొనును. ఆ పిలుపు నాపినచో నది పెరుగఁజాలదు. ఇది యాతని వాదము. పెక్కేండ్లు పలువురు దీనిని నమ్మరైరి. (మన భీమవరమున జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావుగారి పర్యవేక్షణమున తయారైన అమినాప్టెరిన్‌ను రక్తపు రాచపుండుగల బిడ్డల కిచ్చి, సిడ్నీ ఫార్బర్ 1948లో ఫలితములు వెల్లడించినదియు నా వైద్యశాలనుండియే. ఈ ముక్క చెప్పక విడుచుటకు మనసొప్పలేదు.)

నిజమునకు కంటివైద్యులలో నీ యూహ ముందే పుట్టినది. ప్రాణవాయువు చాలని నేత్రపటలమే నాళములను మొలపించు ద్రవ్యమును విడుచునని మైకేల్సన్ 1948లోనే తలంచెను. ద్రవ్యము చిక్కుటకు మాత్రము మఱి నలువదియేండ్లు పట్టెను. 1983లో సెంగర్, డ్వొరాక్ అనువారు నాళములనుండి ద్రవము కారఁజేయు మాంసకృత్తు నొకదానిని కంతులయందు కనుఁగొనిరి. 1989లో కాలిఫోర్నియాయందు ఫెరారా వృద్ధికారకము నొకదానిని వేఱుచేసెను. తీరా చూడ రెండును నొక్కటియే!

ప్రాణవాయువు కొఱవడిన కణము దీనిని విడుచును. ఇది సమీపనాళపు లోపొర కణములను తట్టి క్రొత్త మొలకలు వేయించును. ఇది స్వభావముచే దుష్టము గాదు. దీని జన్యువుల జంటలో నొక్కటి లోపించినను ఎలుకపిండము బ్రదుకదని 1996లో తేలెను. రోగమునందు మాత్రము పిలుపు నిలువదు. తొందరలో త్రవ్విన కాలువకు గట్టు చాలక నీరు మడికందకయే పొరలిపోవుట మా ఆత్మకూరు రైతులెఱుఁగుదురు. ఈ నాళములును నట్లే కారును, చిట్లును.

ఈ ద్రవ్యమును పట్టి బంధించు మందు పెద్దప్రేగు రాచపుండునకై 2004లో అమెరికాలో ఆమోదము పొందెను. దానితో కోట కూలలేదు. రోగికి కొన్ని నెలలు దక్కెను, కంతి వేఱు త్రోవలు వెదకుకొనెను. కంటియందే ఈ తంత్రము బాగుగా ఫలించినది. మధుమేహమున సన్నని నాళములు మూసికొనిపోవ, ఆఁకలిగొన్న నేత్రపటలము నాళములను పిలుచును. అప్పుడు నొప్పి యుండదు, మొదట చూపును తగ్గదు. నా తోడి యుపాధ్యాయుఁడొకరు, అక్షరములు చక్కగా కనఁబడుచుండఁగా పరీక్ష యేలనని రెండేండ్లు జరపిరి. ఒక యుదయమున పంచాంగము తెఱచి, కంటిలో నల్లని దారములు వ్రేలాడుచున్నవనిరి. అప్పటికే నాళము చిట్లి నెత్తురు దిగినది.