గ్రంథాలయ సిబ్బందికి కంప్యూటర్ శిక్షణ: హైదరాబాద్ నేపథ్యం

హైదరాబాద్ పాతబస్తీలో ఫలక్‌నుమాకు దగ్గరలో జహనుమా అనే పేట ఉంది. పారశీకంలో ఈ మాటకు ‘ప్రపంచాన్ని చూపేది’ అని అర్థం. 17వ శతాబ్దపు ఒట్టోమన్ పండితుడు కాతిబ్ చెలెబి తన భూగోళ గ్రంథానికి ఇదే పేరు పెట్టాడు. మన పేటకూ ఆ పుస్తకానికీ సంబంధం ఉందని కాదు. అయితే సుమారు 14,500 గ్రంథాల పేర్లను అక్షరక్రమంలో కూర్చి బృహత్ సూచిని తయారుచేసినవాడూ ఆయనే కనుక, గ్రంథాలయశాస్త్ర విద్యార్థులు ఆ పేరును గుర్తుంచుకోవచ్చు.

జహనుమా నుంచి చార్మినార్ మీదుగా వచ్చి మూసీ దాటితే అఫ్జల్‌గంజ్‌లో రాష్ట్ర కేంద్ర గ్రంథాలయం కనిపిస్తుంది. 1891లో సయ్యద్ హుస్సేన్ బిల్‌గ్రామీ చొరవతో ఇది ఆసఫియా గ్రంథాలయంగా ఆరంభమై, 1936లో ఇప్పటి భవనంలోకి వచ్చింది. అరబ్బీ, పారశీకం, ఉర్దూ, తెలుగు, ఇంగ్లీషు మొదలైన అనేక భాషల పుస్తకాలు ఒకే కప్పు కింద ఉండటం ఈ నగర గ్రంథాలయాల విశిష్టత. కంప్యూటర్లు వచ్చినప్పుడు చిక్కు తెచ్చిపెట్టింది కూడా ఈ విశిష్టతే.

మన దేశంలో గ్రంథాలయ శిక్షణ 1911లో బరోడాలో బోర్డెన్ నడిపిన తరగతులతో మొదలైందని చెప్పవచ్చు. తర్వాత 1915లో లాహోర్‌లో డికిన్‌సన్, 1929లో మద్రాసులో రంగనాథన్ శిక్షణ ఇచ్చారు. ఆంధ్ర విశ్వవిద్యాలయం 1935లోను, ఉస్మానియా 1959లోను ఈ చదువును ప్రవేశపెట్టాయి. దశాబ్దాల పాటు పాఠం దాదాపు మారలేదు. వర్గీకరణ, సూచీకరణ, కార్డు మీద ఏ గీత దగ్గర ఏ వివరం రాయాలి అనేవే అందులో ముఖ్యాంశాలు.

1985లో యునెస్కో చిన్న కంప్యూటర్లకు తగిన సీడీఎస్/ఐసిస్ అనే సాఫ్ట్‌వేర్‌ను విడుదల చేసింది. మన దేశంలో దాన్ని నిస్సాట్ అనే జాతీయ సంస్థ పంపిణీ చేసి, శిక్షణ కార్యక్రమాలు కూడా నిర్వహించింది. ఇక్కడ ఒక విషయం గమనించాలి. ఐసిస్‌లో సిద్ధంగా ఉన్న పట్టికను నింపితే పని అయిపోదు. రచయిత పేరు ఏ ఫీల్డులో ఉండాలి, అది ఎన్నిసార్లు రావచ్చు, దేన్ని బట్టి వెతకాలి అనేవి గ్రంథపాలకుడే నిర్ణయించి, ఫీల్డు నిర్వచన పట్టికలో రాయాలి. అది కష్టమైన పనే. అయినా అది నేర్చుకున్నవారికి కార్డు వెనుక ఉన్న నిర్మాణం అర్థమైంది. వారు తయారుచేసిన సమాచారాన్ని ఐఎస్ఓ 2709 ప్రమాణంలో బయటికి తీసి మరో సాఫ్ట్‌వేర్‌లోకి పంపే వీలుంది. మీటలు నొక్కడం మాత్రమే నేర్చుకున్నవారికి సాఫ్ట్‌వేర్ మారిన ప్రతిసారీ మొదటికొచ్చింది.

ఇక లిపి సంగతి. డాస్ కాలంలో సీ-డాక్ వారి జిస్ట్ వంటి ప్రత్యేక ఏర్పాటు ఉంటే తప్ప తెలుగు, ఉర్దూ తెరపైకి వచ్చేవి కావు. కాబట్టి చాలాచోట్ల రోమన్ లిపిలోనే ఎక్కించారు. గ్రంథాలయోద్యమ నాయకుడు అయ్యంకి వెంకటరమణయ్య పేరునే తీసుకోండి. ఒకరు వెంకట, రమణయ్యలను విడదీస్తారు, మరొకరు కలుపుతారు. చివర ఒకరు ‘ఐఏహెచ్’ అని, ఇంకొకరు ‘వైవైఏ’ అని రాస్తారు. మనిషి కంటికి ఒకే వ్యక్తి. కంప్యూటర్‌కు నలుగురు. 1991 నాటి యూనికోడ్ తొలి ప్రమాణంలోనే తెలుగు, అరబిక్ లిపులు ఉన్నా, అప్పటికే ఎక్కించిన రికార్డులు వాటంతట అవి మారవు కదా!

2000 తర్వాత సాఫ్ట్‌వేర్‌కు కొదవ లేదు. ఇన్‌ఫ్లిబ్‌నెట్ ‘సోల్’, ఎన్ఐసీ ‘ఇ-గ్రంథాలయ’ వచ్చాయి. న్యూజిలాండ్‌లో ఒక చిన్న గ్రంథాలయ సంస్థ కోసం తయారై 2000 జనవరిలో పని మొదలుపెట్టిన ‘కోహా’ ఉచితంగా అందింది. మావోరీ భాషలో ఆ మాటకు కానుక అని అర్థం. హైదరాబాద్ ట్రిపుల్ఐటీ భాగస్వామిగా, రాజ్‌రెడ్డి ప్రేరణతో సాగిన డిజిటల్ లైబ్రరీ వేలాది తెలుగు పుస్తకాలను స్కాన్ చేసింది. ఆ మేలు మరువలేనిది. కాని పుస్తకాల వివరాలు రోమన్ లిపిలో ఒక్కోచోట ఒక్కో విధంగా నమోదు కావడంతో, ఉన్న పుస్తకమే వెతికితే దొరకని పరిస్థితి ఏర్పడింది. స్కానర్‌కు పెట్టిన శ్రద్ధ వివరాలు రాసే మనిషి శిక్షణకు పెట్టలేదని ఈ రచయిత అభిప్రాయం.

ఈ లోటు మనది మాత్రమే కాదు. లండన్‌లో జేమ్స్ బేకర్ చొరవతో మొదలైన ‘లైబ్రరీ కార్పెంట్రీ’ తరగతులు గ్రంథాలయ ఉద్యోగులకు ఒకే పేరుకున్న వేర్వేరు రూపాలను గుర్తించి కలపడం, వేల రికార్డులను ఒకేసారి సరిదిద్దడం వంటివి నేర్పుతాయి. పాఠాలు ఉచితం. అందులోని ఉదాహరణలు ఎక్కువగా ఇంగ్లీషువి. ఉర్దూ, తెలుగు పక్కపక్కనే ఉన్న జాబితాకు ఆ పాఠాన్ని మనమే తిరగరాసుకోవాలి.

అభ్యాసం: మీకు దగ్గరలో ఉన్న శాఖా గ్రంథాలయానికి వెళ్లి ఒక రచయితను ఎంచుకోండి. చేర్పు రిజిస్టరులో, పుస్తకం ముఖపత్రంపై, కంప్యూటర్ ఉంటే అందులో ఆ పేరు ఎలా ఉందో యథాతథంగా రాసుకొని, ఎన్ని రూపాలు వచ్చాయో మీ అధ్యయన కేంద్రంలో చర్చించండి.