125 డాలర్ల కోసం పాడిన పాట: కిట్టీ వెల్స్ కథ

ఇవాళ్టి ఎపిసోడ్‌లో 1952 నాటి ఒక అమెరికన్ పాట గురించి మాట్లాడుకుందాం. ఒక మగ సింగర్ పాటకి ఒక ఆడ సింగర్ ఇచ్చిన జవాబు అది. ఇప్పటి భాషలో రిప్లై ట్రాక్ అన్నమాట. పాట పేరు 'ఇట్ వాజంట్ గాడ్ హూ మేడ్ హాంకీ టాంక్ ఏంజెల్స్'. పాడింది కిట్టీ వెల్స్.

హాంకీ టాంక్ అంటే ఏంటి? మందు, డాన్సు, పాటలు ఉండే చవక బారు. మూలన జూక్‌బాక్స్ ఉంటుంది, నాణెం వేస్తే కోరిన పాట వస్తుంది. రెండో ప్రపంచ యుద్ధం అయ్యాక అమెరికాలో విడాకులు బాగా పెరిగాయి. కంట్రీ పాటల్లోకి కూడా తాగుడు, మోసం, విడిపోవడం వచ్చేశాయి. కానీ ఆ కథలు చెప్పేది ఎక్కువగా మగవాళ్లే.

1952లో హాంక్ థాంప్సన్ 'ద వైల్డ్ సైడ్ ఆఫ్ లైఫ్' అని ఒక పాట పాడాడు. తనని వదిలేసి బార్ల వెలుగుల వైపు వెళ్లిపోయిన ఆడదాన్ని నిందించే పాట. దేవుడే ఇలాంటి వాళ్లని పుట్టించాడా అన్నట్టు ఉంటుంది. కంట్రీ చార్టులో 15 వారాలు నంబర్ వన్!

దీనికి జవాబు రాసింది ఎవరో తెలుసా? ఒక మగాడే. లూసియానాకి చెందిన జె.డి. మిల్లర్. అందులో ఒక ఆడమనిషి జూక్‌బాక్స్‌లో హాంక్ పాట వింటూ ఉంటుంది. తప్పు దేవుడిది కాదు, పెళ్లయ్యాక కూడా బ్రహ్మచారుల్లా తిరిగే మొగుళ్లది అంటుంది. ఎప్పుడూ నింద ఆడవాళ్ల మీదే ఎందుకు అని అడుగుతుంది.

ఇంకో తమాషా. బాణీ కూడా అదే! ఆ బాణీ ఇద్దరిదీ కాదు, అంతకుముందే కార్టర్ ఫ్యామిలీ పాటలో, రాయ్ ఏకఫ్ పాడిన ఒక భక్తి పాటలో వినిపించిందే. అందరికీ నోటికొచ్చిన బాణీ కాబట్టి, వినగానే ఇది దేనికి జవాబో జనానికి అర్థమైపోయింది.

ఇప్పుడు కిట్టీ దగ్గరికి వద్దాం. అసలు పేరు ఎలెన్ మ్యూరియల్ డీసన్. పుట్టింది 1919లో, నాష్‌విల్‌లోనే. వయసు 32, ముగ్గురు పిల్లల తల్లి. భర్త జానీ రైట్ కూడా సింగరే. అంతకుముందు ఆర్‌సీఏలో చేసిన రికార్డులు ఆడలేదు. ఇక పాటలు చాలు, ఇల్లు చూసుకుందాం అనుకుంటున్న టైమ్‌లో డెక్కా కంపెనీ నుంచి ఈ అవకాశం వచ్చింది. ఆమెకి పాట మీద పెద్ద ఆశేమీ లేదు. రికార్డింగ్‌కి వెళ్తే 125 డాలర్లు వస్తాయి, అంతే. 1952 మే 3న నాష్‌విల్‌లోని క్యాసిల్ స్టూడియోలో పాడేసి ఇంటికెళ్లిపోయింది.

తర్వాత జరిగింది చూడండి. ఎన్‌బీసీ రేడియో ఈ పాటని ఆపేసింది. కంట్రీ వాళ్లకి గుడి లాంటి గ్రాండ్ ఓల్ ఓప్రీ వేదిక మీద కూడా మొదట్లో పాడనివ్వలేదు. ఆడదాన్ని తిట్టిన పాట నెలల తరబడి మోగింది. ఆమె జవాబు చెబితే మాత్రం అసభ్యం అయిపోయింది! అయినా జనం ఆగలేదు, రికార్డులు కొన్నారు, జూక్‌బాక్సుల్లో నాణేలు వేశారు. పాట 6 వారాలు నంబర్ వన్‌లో ఉంది.

ఇది ఎందుకంత పెద్ద విషయం? బిల్‌బోర్డ్ కంట్రీ చార్టు 1944లో మొదలైంది. జంటపాటలో ఆడగొంతు పైకి వెళ్లింది కానీ, ఒంటరిగా ఒక మహిళ నంబర్ వన్ కొట్టడం ఇదే మొదటిసారి. ఆడవాళ్ల రికార్డులు అమ్ముడుపోవని కంపెనీలు అనేవి. కానీ అవకాశమే సరిగ్గా ఇవ్వకపోతే అమ్ముడుపోవని ఎలా తెలుస్తుంది? కిట్టీ హిట్ తర్వాత ఆ మాట అనడం కష్టమైంది. ఆ దారిలోనే ప్యాట్సీ క్లైన్, లొరెట్టా లిన్, డాలీ పార్టన్ వచ్చారు. కిట్టీయే తనకి ఆదర్శమని లొరెట్టా స్వయంగా చెప్పింది.

అయితే కథ సుఖాంతం అనుకోకండి. 2015లో కీత్ హిల్ అనే రేడియో కన్సల్టెంట్, కంట్రీ స్టేషన్లకి రేటింగ్ కావాలంటే ఆడవాళ్ల పాటలు తగ్గించాలని సలహా ఇచ్చాడు. సలాడ్‌లో మగవాళ్లు ఆకుకూర అట, ఆడవాళ్లు టమాటా ముక్కలట! పెద్ద గొడవే అయింది. 63 ఏళ్ల తర్వాత కూడా అదే పాత వాదన.

కిట్టీ వెల్స్ 2012లో, 92వ ఏట కన్నుమూసింది. ఆమె విప్లవకారిణి వేషం వేయలేదు, వేదిక మీద గళ్ల గౌనులో సాదా గృహిణిలాగే నిలబడి పాడేది. ఆ మామూలు గొంతులో వచ్చింది కాబట్టే ఆ ప్రశ్న ప్రతి ఇంటికీ చేరింది.

ఒక పని చేయండి. ముందు హాంక్ పాట వినండి, వెంటనే కిట్టీది వినండి. రెండూ కలిపి ఆరు నిమిషాలు కూడా పట్టదు. ఎవరి వాదన గట్టిగా ఉందో మీరే చెప్పండి. మళ్లీ కలుద్దాం.