తమాషా

నిడదవోలు జంక్షన్‌లో భీమవరం బండి ఎంతకీ కదలకపోతే, "ఏంటండీ, తమాషాగా ఉందా?" అని ఎవరో ఒకరు విసుక్కుంటారు. మనకిది వేళాకోళం, వింత, కాస్త కోపం కూడా. మరాఠీవాళ్ళకి మాత్రం రాత్రంతా సాగే జానపద నాటకం.

మాట పుట్టింది నడకకు చెందిన అరబ్బీ ధాతువులోంచి. పారశీకంలో షికారుగా తిరిగి చూసే వినోదమైంది. ఉర్దూ దాన్ని ఊరూరా తిప్పింది.

మరాఠీ తమాషాలో ముందు గణపతి స్తుతి 'గణ్', ఆపైన 'గవళణ్'. పాలూ పెరుగూ అమ్మడానికి మథుర వెళ్ళే గోపికల్ని కృష్ణుడు అడ్డగిస్తాడు. వాళ్ళకి పెద్దదిక్కు 'మావ్‌శీ', అంటే పిన్ని. ఆ వేషం మగాడిదే; నన్నడిగితే అసలు తమాషా ఆవిడే. ఢోల్కీ వాద్యం మీద లావణి పాటలు, చివర్న 'వగ్' అనే కథ.

చూడాలనుకుంటే వేసవి జాతర్ల రోజుల్లో వెళ్ళండి. పుణె జిల్లా నారాయణగావ్‌లో మేళాలు డేరాలు వేసుకుని కూర్చుంటాయి. ఊళ్ళ పెద్దలొచ్చి, తమ జాతరలో ఆటకి బేరమాడి, బయానా ఇచ్చి వెళ్తారు.