మానసిక రుగ్మతలున్నవారికి లూసిడ్ డ్రీమింగ్ ఎంతవరకు క్షేమం?

తాను కంటున్నది కలేనని కలలోనే తెలియడాన్ని లూసిడ్ డ్రీమ్ అంటారు; తెలుగులో ఎరుక కల అనుకోవచ్చు. డచ్ మానసిక వైద్యుడు ఫ్రెడరిక్ వాన్ ఏడెన్ 1913లో రాసిన వ్యాసంతో ఈ పేరు స్థిరపడింది. 1975లో ఇంగ్లండ్‌లోని హల్ విశ్వవిద్యాలయంలో కీత్ హెర్న్ దీనికి ప్రయోగశాల రుజువు చూపారు. కలలు ఎక్కువగా వచ్చే రెమ్ నిద్రలో ఒళ్లు కదలకపోయినా కనుగుడ్లు కదులుతాయి. కల కంటున్న అలన్ వర్స్‌లీ ముందుగా అనుకున్న ప్రకారం కళ్లను ఎడమకూ కుడికీ తిప్పగా ఆ కదలికలు యంత్రంలో నమోదయ్యాయి. 50 ఏళ్ల పరిశోధనలను క్రోడీకరించిన 2016 నాటి విశ్లేషణ ప్రకారం సుమారు 55 శాతం మందికి జీవితంలో ఒక్కసారైనా ఇలాంటి కల వచ్చింది. కాబట్టి దానంతటదిగా వచ్చే ఎరుక కలను రోగలక్షణంగా చూడనక్కర్లేదు. పట్టుబట్టి తెచ్చుకునే సాధన దగ్గరే క్షేమం ప్రశ్న మొదలవుతుంది.

సాధన తీరు

ప్రచారంలో ఉన్న పద్ధతులు ప్రధానంగా మూడు. మొదటిది నిజ పరీక్ష: పగలంతా పదేపదే ఆగి ‘ఇది కలా, నిజమా?’ అని ప్రశ్నించుకోవడం, అరచేతిని తేరిపార చూడడం, ముక్కు మూసుకుని గాలి పీల్చి చూడడం. ముక్కు మూసినా ఊపిరి ఆడితే అది కలే. రెండోది నిద్రను మధ్యలో ఆపడం. రాత్రి 10కి పడుకున్న వ్యక్తి తెల్లవారుజామున 3కి అలారం పెట్టుకుని లేచి, అరగంట మెలకువగా ఉండి, ఈసారి కలను కలగా గుర్తుపట్టాలని మననం చేసుకుంటూ మళ్లీ పడుకుంటాడు. మూడోది మందులు. ఈ మూడూ మనసుపై మూడు రకాలుగా పనిచేస్తాయి. అందువల్ల ఏ రుగ్మతకు ఏది హాని చేస్తుందో విడివిడిగా చూడాలి.

పీడకలల చికిత్సలో

ఎరుక కలను వైద్యంగా ఎక్కువగా పరీక్షించింది పీడకలల విషయంలోనే. 2006లో స్పూర్‌మేకర్, వాన్ డెన్ బౌట్ 23 మందితో చేసిన ప్రాథమిక అధ్యయనంలో ఈ శిక్షణ పొందినవారికి పీడకలలు తగ్గాయి. నిద్ర నాణ్యతలో, ఆఘాతానంతర ఒత్తిడి లక్షణాల్లో మాత్రం చెప్పుకోదగ్గ మార్పు లేదు. పీడకలలు తగ్గడానికి కలలో ఎరుక కలగడం తప్పనిసరి కాదని కూడా తేలింది. పీడకలను మార్చుకోవచ్చన్న ధైర్యం, దానికి కొత్త ముగింపు ఊహించుకోవడం కొంత మేలు చేసి ఉండవచ్చు. అమెరికన్ అకాడమీ ఆఫ్ స్లీప్ మెడిసిన్ 2018లో పీడకలల రుగ్మతకు ‘వాడదగిన’ పద్ధతుల్లో ఎరుక కల శిక్షణను చేర్చింది. ‘సిఫారసు’ స్థాయిని మాత్రం, మెలకువలోనే కలను తిరగరాసుకుని సాధన చేసే ఇమేజరీ రిహార్సల్ చికిత్సకు ఇచ్చింది.

సైకోసిస్, డిసోసియేషన్

సైకోసిస్‌లో భ్రమకూ వాస్తవానికీ మధ్య గీత ముందే చెరిగి ఉంటుంది. బ్రెజిల్ పరిశోధకులు 2016లో సైకోసిస్ ఉన్న 45 మందిని, లేని 28 మందిని పోల్చారు. ఎరుక కలలు రెండు వర్గాల్లోనూ ఉన్నా, కలను అదుపు చేయగలగడం రోగుల్లో ఎక్కువగా కనిపించింది. ఈ సాధన భ్రమలకూ భ్రాంతులకూ మరింత బలమివ్వవచ్చని వారు హెచ్చరించారు.

డిసోసియేషన్‌లో మనిషికి తననుంచి తానే విడివడినట్టు, చుట్టూ ఉన్న లోకం నిజం కానట్టు అనిపిస్తుంది. అతన్ని వేధించే ప్రశ్నే ‘ఇది కలా, నిజమా?’ అన్నది. ఆ ప్రశ్ననే రోజుకు పదిసార్లు వేసుకోమనడం పుండును మళ్లీ గీరడమే. ఇజ్రాయెల్‌లో అవిరామ్, సోఫర్-డ్యూడెక్ 2018లో ప్రచురించిన అధ్యయనం ఇక్కడ కీలకం. అందులో పాల్గొన్నది 187 మంది విద్యార్థులు. ఎరుక కలలు తరచుగా రావడానికీ మానసిక లక్షణాలకూ సంబంధం కనిపించలేదు. వాటిని తెచ్చుకోవాలని ప్రయత్నించేవారిలో మాత్రం 2 నెలల తర్వాత డిసోసియేషన్, స్కిజోటైపీ (సైకోసిస్‌ను స్వల్పంగా పోలిన ఆలోచనా తీరు) లక్షణాలు పెరిగాయి.

నిద్రకోత, మందులు

బైపోలార్ రుగ్మతలో నిద్ర తగ్గడం మేనియాను, అంటే అదుపు తప్పిన ఉత్సాహ దశను, రేపగలదు. పరిశోధకుడు వేర్, ఆయన సహచరులు 1987లోనే ఈ సంబంధాన్ని వివరించారు. అలారం పెట్టుకుని నిద్ర చెడగొట్టుకునే పద్ధతి వీరికి నేరుగా ప్రమాదం. కుంగుబాటు, ఆందోళన ఉన్నవారికి కూడా తెగిన నిద్ర మేలు చేయదు.

ఇక మందుల సంగతి: అల్జీమర్స్‌కు ఇచ్చే గాలంటమైన్ ఎరుక కలలు తెప్పిస్తుందా అని 2018లో పరిశోధకుడు లాబర్జ్ బృందం 121 మందిపై పరీక్షించింది. ఉత్తుత్తి మాత్రతో 14 శాతం మందికి, 4 మిల్లీగ్రాములతో 27 శాతం మందికి, 8 మిల్లీగ్రాములతో 42 శాతం మందికి ఎరుక కలలు వచ్చాయి. అయితే ఈ మందు వికారం కలిగించవచ్చు, గుండె వేగాన్ని తగ్గించవచ్చు. ఇది ఎసిటైల్‌కోలిన్ ప్రభావాన్ని పెంచుతుంది. సైకోసిస్ మందుల దుష్ప్రభావాలకు ఇచ్చే ట్రైహెక్సీఫెనిడిల్ దాన్ని అడ్డుకుంటుంది. రెండూ ఒకదానికొకటి ఎదురు. డిప్రెషన్ మందులు చాలావరకు రెమ్ నిద్రను తగ్గిస్తాయి. కలల కోసం వాటిని హఠాత్తుగా మానేస్తే రెమ్ నిద్ర ఒక్కసారిగా విజృంభించి పీడకలలు ముసురుకోవచ్చు. అసలు జబ్బూ తిరగబెట్టవచ్చు.

ముగింపు

ఈ ఆధారాలను బట్టి సైకోసిస్, మేనియా, డిసోసియేషన్ లక్షణాలున్నవారు ఈ సాధనకు దూరంగా ఉండాలి. పీడకలలతో బాధపడేవారు ముందు ఇమేజరీ రిహార్సల్‌ను ఆశ్రయించడం మేలు. ఎరుక కల శిక్షణ అవసరమైతే చికిత్సకుని పర్యవేక్షణలో, నిద్ర తెంచుకోకుండా, వాడుతున్న మందులు మార్చకుండా సాగాలి. మెలకువలోనూ లోకం కలలా తోస్తున్నా, నిద్ర అవసరమే లేదనిపిస్తున్నా, నిద్రపోవడమంటే భయం పెరుగుతున్నా సాధన ఆపి వెంటనే వైద్యుణ్ని కలవాలి.