దత్తమండలముల పశుసంపద: పెద్దరోగ నిర్మూలనము

కరవుల చరిత్రమున ధాన్యపు ధరలును జనక్షయమును లెక్కింపఁబడినంత శ్రద్ధగా మందల నాశము లెక్కింపఁబడుట యరుదు. అనంతపుర మండలమున నీ కొఱఁత చిన్నది కాదు. పడమటి కనుమల చాటున నుండుటచే నైరృతి వాన యిచటికిఁ జాలినంత రాదు. తూర్పుతీరమునకు దూరమగుటచే నీశాన్య వానయు నట్టిదే. చేను పండని యేఁట రైతునకు మందయే మూలధనము. ఎద్దులు చచ్చినచో మఱుసటియేఁడు వాన కురిసినను దుక్కి సాగదు.

ధాతు, ఈశ్వర సంవత్సరముల కరవు (1876-78) నాఁటి కనంతపురము బళ్లారి మండలములోని భాగము; 1882లో వేఱు మండల మయ్యెను. కరవునాఁడు పశువు లాఁకలిచేతనే చచ్చునని తలఁచుట సగము నిజము. నీరు మిగిలిన కుంటలకడఁ బలుగ్రామముల మందలు గూడును. మేఁతకై దూరముగాఁ దోలఁబడిన పశువులు త్రోవలోఁ దెవుళ్లు నంటించుకొనును. వానిలో నతిభయంకరమైనది పెద్దరోగము. దీనినే పాశ్చాత్యులు రిండరుపెస్టందురు. జ్వరము, నోటిపుండ్లు, ఎడతెగని విరేచనములు దీని లక్షణములు.

దీని నివారణోపాయములు క్రమముగా నేర్పడినవి. 1889లోఁ బూనాలో స్థాపింపఁబడిన సూక్ష్మజీవ పరిశోధనాలయము 1893లో హిమాలయ ప్రాంతమునందలి ముక్తేశ్వరమునకుఁ దరలెను. 1897లో రాబర్టు కాఖ్ పండితుఁ డచటికి వచ్చెను. తొలుత వాడుకలోనికి వచ్చిన సీరము రక్షించునది స్వల్పకాలమే. 1920 తరువాతి దశాబ్దమున ఎడ్వర్డ్సు అచట నీ రోగబీజమును మేకలలోఁ బలుమాఱులు పెంచి బలహీనపఱచెను. ఆ టీకా యొక్కసారి వేసినచో నాటుపశువులకు దీర్ఘరక్ష కలిగెను. 1954లో జాతీయ నిర్మూలన ప్రణాళిక యారంభమయ్యెను. 1995 తరువాత దేశమున నీ రోగము కానరాలేదు. రోగ మెచ్చటనైన దాఁగియున్నదేమో తెలియుటకై టీకాలు మాని, నిఘా నిలిపిరి. 2006లో భారతదేశమును, 2011లో లోకమెల్లయు విముక్తమైనట్లు ప్రకటింపఁబడెను. మసూచికము తరువాత మానవయత్నముచే నంతరించిన వ్యాధి యిదియే.

అయితే నీ విజయమును బట్టి టీకా యెల్లెడల నిట్లే ఫలించునని తలంపరాదు. పెద్దరోగపు బీజమునకు రక్షణభేదము లేదు. కోలుకొన్న పశువు దానిని మోయదు. గాలికుంటు బీజము పలుతెగలది. దాని టీకా రక్ష కొన్ని మాసములదే. కోలుకొన్న పశువునందును బీజము నిలువవచ్చును. కావుననే 2019లో నారంభమైన జాతీయ కార్యక్రమమున నాఱుమాసముల కొకతూరి టీకా విధింపఁబడెను. అనంతపురమువంటి మెట్టసీమలో దీనికిఁ గాలనియమ మొకటి చేరును: మందలు మిగిలిన నీటికడకుఁ జేరకమున్నే, వానికి సత్తువ యున్నప్పుడే, టీకా పడవలెను.